ఎవరికి, ఏ వేళకి అని అడిగి అమ్మే టీపొడి కొట్టు

శ్రీకాకుళం పొట్టి శ్రీరాములు మార్కెట్ దగ్గర సందులో ఒక పాత టీపొడి కొట్టు ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. ఆ పేరు వాడేవాళ్ళు కూడా లేరు, టీపొడి కొట్టు అంటే చాలు, ఆటో అతను సందు మొదట్లో దింపేస్తాడు. అక్కడ పావుకిలో పొడి అడిగితే పొట్లం కట్టేముందు కొట్టాయన రెండు ప్రశ్నలు వేస్తారు. తాగేది ఎవరు? ఏ వేళప్పుడు? సూపర్ మార్కెట్లో అరల నిండా రంగురంగుల డబ్బాలుంటాయి గానీ ఇలా అడిగే మనిషి ఉండడు. నేను రిటైరైన స్టాఫ్ నర్సుని, సర్వీసంతా ఈ జిల్లా పీహెచ్‌సీల్లోనే, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే గడిచింది. అందుకని ఆ రెండింటికీ మూడోది నేను కలుపుతాను: ఏ మాత్రలు వాడుతున్నారు?

కొట్టు బాగా చిన్నది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు సందులో ఆగాల్సిందే. గోడ పొడుగునా రేకు డబ్బాలు, వాటి మీద సుద్దతో ధరలు, ఒక మూల గ్యాస్ స్టవ్, పక్కన చిన్న గాజు గ్లాసులు. కొనేముందు రుచి చూస్తానంటే అప్పటికప్పుడు కాచి ఇస్తారు, డబ్బులు పుచ్చుకోరు. ఆయనకి ఎనభైకి దగ్గర పడుతున్నాయి. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను చూడగానే "ఏటి సిస్టరమ్మా, ఈసారి ఎవులికి?" అంటారు. సాయంత్రాలు కొడుకు కూర్చుంటాడు. కొడుకు కూర్చున్నప్పుడు కొట్టు వేరేగా ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ కొట్టు బతికేది అస్సాం సీటీసీ పొడి మీద. ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి చిన్న చిన్న గుళికలు చేసే పద్ధతి అది. మన దేశంలో తయారయ్యే టీలో ఎక్కువ భాగం ఇదే. గుళిక కాబట్టి మరిగే నీళ్ళలో రంగు వెంటనే దిగుతుంది, పాలు దండిగా పోసినా రుచి చావదు. ఇదే రకంలో గుళిక వేరు, డస్టు అనే మెత్తటి పొడి వేరు. హోటళ్ళవాళ్ళు, బడ్డీలవాళ్ళు డస్టే పట్టుకెళ్తారు, ఎందుకంటే తక్కువ పొడికి ఎక్కువ గ్లాసులొస్తాయి. ఇంటికి మాత్రం అది వద్దంటారు బాబాయ్. రెండు పొంగులు ఎక్కువైతే చేదెక్కుతుంది, ఎంత వడకట్టినా గ్లాసు అడుగున మడ్డి నిలుస్తుంది. గుళిక కిలో 400 నుంచి 520 దాకా ఉంది. మా ఇంట్లో వాడేది 460ది. అందులో మూడు పాళ్ళు అస్సాంకి ఒక పాలు నీలగిరి ఆకు కలిపిస్తారు. చిక్కదనం అస్సాంది, వాసన నీలగిరిది. కలిపినందుకు విడిగా తీసుకోరు. పొద్దున్నే పేపరుతో పాటు మా వారికి కావలసింది ఇదే, ఇది తప్ప ఇంకేదిచ్చినా "వేడినీళ్ళు ఇచ్చావేంటి" అంటారు.

నీలగిరి ఆకు విడిగా కూడా కొనొచ్చు, 100 గ్రాములు 90 రూపాయలు. నిమ్మకాయ టీకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. నీలగిరుల్లో ఏడాది పొడుగునా ఆకు కోస్తారు కాబట్టి దొరక్కపోవడమన్నది ఉండదు. చల్లారినా డికాక్షన్ తేటగా ఉంటుంది, అస్సాంలా మసకబారదు. మే నెలలో మా ఇంట్లో కాచి, చల్లార్చి, నిమ్మరసం పిండి ఫ్రిజ్‌లో పెడతాను.

డార్జిలింగ్ దగ్గరికొస్తే కొట్టు మీద నాకున్న మొదటి ఫిర్యాదు చెప్పాలి. డార్జిలింగ్ టీ అంటే మామూలు సరుకు కాదు. ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే భౌగోళిక గుర్తింపు (జీఐ) మన దేశంలో మొట్టమొదట దక్కింది దానికే, 2004లో. ఎండాకాలం మొదట్లో కోసిన తొలి ఆకు లేత రంగులో, పూల వాసనతో ఉంటుంది. పాలు పోస్తే డబ్బు దండగ. 100 గ్రాములకి 320 తీసుకుంటూ ఈ కొట్టులో ఆ డబ్బా పెట్టింది ఎక్కడనుకున్నారు? అగరువత్తుల అర పక్కన! టీ ఆకు ఏ వాసన తగిలినా పట్టేస్తుంది. నేను కొన్న పొట్లం విప్పితే ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతున్నట్టుంది. బాబాయ్‌కి చెబితే నవ్వి, డబ్బా మార్చకుండా 20 రూపాయలు తగ్గించారు. డార్జిలింగ్ కావాలనుకునేవాళ్ళు ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కొనండి. ఇంటికి తెచ్చాక కూడా ఇంగువ డబ్బాకీ, కర్పూరానికీ దూరంగా మూత బిగించి పెట్టండి.

గ్రీన్ టీ గురించి జనం ఎక్కువగా అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అది వేరే మొక్క అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొక్క ఒకటే. కోసిన ఆకుని నలిపి గాలికి రంగు మారనిస్తే మన మామూలు టీ అవుతుంది, వెంటనే ఆవిరి పట్టో వేడి మూకుడులో తిప్పో ఆ మార్పుని ఆపేస్తే గ్రీన్ టీ. చేదుగా ఉందని మొహం చిట్లించేవాళ్ళు సలసలా కాగే నీళ్ళు పోస్తున్నారన్నమాట. కాగాక దించి అయిదు నిమిషాలు వదిలేయండి. దాదాపు 80 డిగ్రీలకి దిగాక ఆకు వేసి రెండు మూడు నిమిషాల్లో వడకట్టేస్తే చేదు రాదు. బాబాయ్ స్టవ్ దగ్గర ఇలాగే చేసి చూపిస్తారు, చూశాక చాలామంది కొంటారు. ఇక బరువు తగ్గడం అంటారా, దాని ప్రభావం చాలా చిన్నది. పాలు, పంచదార మానేసినందువల్ల వచ్చే లాభమే ఎక్కువ. అదే గ్రీన్ టీ సారాన్ని మాత్రల్లో గట్టిగా ఎక్కించి అమ్ముతారు చూడండి, వాటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. వాటివల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. గ్లాసులో తాగే టీతో ఆ బెడద లేదు.

మా మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి గ్రూప్ 2కి చదువుతోంది. ఒకసారి నాతో కొట్టుకొచ్చి, "రాత్రి రెండింటి దాకా నిద్ర రాకూడదు, ఏది ఘాటుగా ఉంటుంది తాతగారూ?" అని అడిగింది. ఇంకొకరైతే ఖరీదైన డబ్బా అంటగట్టేవారే. ఈయన రాత్రికి ఏమీ ఇవ్వనన్నారు. సాయంత్రం అయిదు గంటలకి తాగమని మామూలు సీటీసీ కట్టి, "రాత్తిరి నిద్రోవాలమ్మా, లేపోతే పొద్దున సదివింది ఏటీ గుర్తుండదు" అని పంపించారు. నర్సుగా నేను చెప్పేదీ అదే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల పుస్తకంలో రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. ఒక కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120. చిన్న గ్లాసుతో నాలుగైదు టీలు తాగే మనిషికి లెక్క సరిపోతుంది. ఆఫీసులో కుర్రాడు తెచ్చిచ్చేవి, చుట్టాలింట్లో తాగేవి లెక్కలోకి రావు కదా, అక్కడే తేడా కొడుతుంది.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది, నాకు దాని మీదే ఎక్కువ పట్టు: భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దు. టీకి వగరునిచ్చే టానిన్లు అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుముని ఒంటికి అందకుండా పట్టేస్తాయి. మన ఊళ్ళలో గర్భిణులకి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఎర్ర ఐరన్ మాత్రలు ఇస్తారు. ఒక్కో దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నెలనెలా రక్తం చూస్తే హిమోగ్లోబిన్ కదిలేది కాదు. "మాత్ర వేసుకుంటున్నావా?" అంటే అవునంటారు, నిజంగానే వేసుకుంటారు. దేంతో మింగావంటే టీతో! మాత్ర చేదు పోవడానికి టీ గుక్క. టీ గ్లాసు పక్కన పెట్టించి నిమ్మకాయ నీళ్ళతో మింగించడానికి ఎంతమంది అత్తగార్లతో వాదించానో! ఇప్పుడు మా కోడలికి అయిదో నెల. దానికి కొట్టులో తీసుకున్నది అల్లం, నిమ్మగడ్డి ఎండబెట్టి కలిపిన పొట్లం, 60 రూపాయలు. టీ ఆకు లేదు, కెఫీన్ లేదు. పొద్దుటి వికారానికి కాస్త అల్లం పనిచేస్తుంది. మామూలు టీ బొత్తిగా మానమని కాదు. గర్భిణులు కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంచుకోవాలి, మాత్రకీ టీకీ మధ్య ఎడం పాటించాలి.

థైరాయిడ్ మాత్ర కథ కూడా ఇలాంటిదే. పరగడుపున నీళ్ళతో మింగి అరగంట నుంచి గంట దాకా ఆగాలి. మా ఆడపడుచు మాత్ర నోట్లో వేసుకుని స్టవ్ వెలిగించేది. డాక్టరేమో డోసు పెంచుకుంటూ పోయారు. టీని వెనక్కి జరిపాక రిపోర్టు మారింది. గ్యాస్, గుండెల్లో మంట ఉన్నవాళ్ళు పరగడుపు టీ ఎలాగూ మానుకోవాలి. వాళ్ళకి బాబాయ్ ఒకే మాట చెబుతారు, ఇడ్లీ తిని తాగు అని.

ఇప్పుడు కొడుకు సంగతి. ఆ అబ్బాయి మంచివాడే, లెక్కలో తేడా రాదు, ఫోన్‌పే తీసుకొచ్చిందీ వాడే. కానీ వాడొచ్చాక కౌంటర్ ఎదురుగా "ఆరోగ్య టీ"ల అర ఒకటి వెలిసింది. బరువు తగ్గించే టీ, షుగర్ టీ, ఒంట్లో విషాలు కడిగే టీ, కిడ్నీలు శుభ్రం చేసే టీ. డబ్బా 350 నుంచి 600. వాటి వెనక సన్న అక్షరాలు చదివితే బరువు తగ్గించేదాంట్లో సునాముఖి ఆకు ఉంది. అది విరేచనాల మందు! పొద్దున్నే నాలుగుసార్లు వెళ్ళొస్తే ఒంట్లో నీరు పోయి తూకం తగ్గుతుంది, కొవ్వు ఎక్కడిదక్కడే ఉంటుంది. రోజూ తాగితే పొటాషియం పడిపోతుంది. గొంతు టీ అని ఇంకోటి ఉంది, అందులో అతిమధురం. దగ్గు ఉన్న రెండు రోజులు తాగితే బాగుంటుంది, తియ్యగా ఉంటుంది, పిల్లలూ తాగుతారు. బీపీ ఉన్నవాళ్ళు అదే పనిగా తాగితే మాత్రం బీపీ పెరుగుతుంది. డబ్బా మీద ఆ ముక్క లేదు.

నాకు ఒళ్ళు మండింది కిడ్నీ డబ్బా చూసి. ఈ జిల్లాలో ఆ మాట రాసి అమ్మడమంటే తమాషా కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఆ ఉద్దానం మండలాల్లో గడప గడపకీ తెలిసిన జబ్బు అది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటేనే జబ్బు ఎంతలా ఉందో తెలుస్తుంది. మా చెల్లెలి భర్తది కవిటి దగ్గర ఊరు, డయాలసిస్ మీద ఉన్నాడు. రోజు మొత్తం మీద ఇన్ని మిల్లీలీటర్లే లోపలికి పోవాలని డాక్టరు గీత గీసి చెప్పారు. ఆ లెక్కలో నీళ్ళు, మజ్జిగ, చారు, టీ అన్నీ వస్తాయి. అతనికి ఏ టీ మంచిది అని మా చెల్లెలు అడిగితే, ఏ టీ అన్నది తర్వాత, ఎంత అన్నది ముందు చూడమన్నాను. పాలు తక్కువ పోసి, చిన్న స్టీలు గ్లాసులో సగం. పాలల్లో ఉండే ఫాస్ఫరస్, పొటాషియం కూడా వాళ్ళకి లెక్కే మరి. అలాంటి మనిషి చేతికి రోజుకి మూడు పెద్ద కప్పులు తాగమనే డబ్బా వెళ్తే? అందులో ఏ మూలిక ఎంత ఉందో కూడా రాయలేదు. అబ్బాయిని అడిగాను. "కంపెనీవోడు ఇచ్చాడండి, మార్జిన్ బావుంది" అన్నాడు. దాపరికం లేదు, ఆ మెచ్చుకోలు ఇవ్వాలి. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళకి ఇది అమ్మకురా అని గట్టిగానే చెప్పాను. ఆ డబ్బాని కింది అరకి దించాడు గాని తీసెయ్యలేదు. అయిదు నక్షత్రాలు ఇవ్వాల్సిన కొట్టుకి నేను నాలుగే ఇస్తున్నది దానికే. అగరువత్తుల వాసన క్షమించేదాన్నే.

అదే అరలో పనికొచ్చేది ఒకటుంది, ఎండబెట్టిన ఎర్ర గోంగూర పూల రక్షకపత్రాలు, అంటే పువ్వు అడుగున ఉండే ఎర్రటి దళసరి రేకులు. పెట్టె మీద మాత్రం మందార టీ అని, పెరట్లో పూసే మందారం బొమ్మతో ఉంటుంది. బీపీ కాస్త తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది ఎర్ర గోంగూరకే. గోగు పండించిన జిల్లావాళ్ళం మనం, 50 గ్రాములకి 180 పెట్టక్కర్లేదు, ఊళ్ళో ఎవరి చేనులోనైనా అడిగితే ఇస్తారు. పుల్లగా, ఎర్రగా బాగుంటుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు దీన్ని మాత్రకి బదులుగా తాగకూడదు, తాగితే డాక్టరుకి చెప్పాలి. చామంతి టీ కూడా పెట్టారు. నిద్ర పట్టిస్తుందన్నది పెద్ద మాటే గాని కెఫీన్ లేదు కాబట్టి రాత్రి తాగినా నష్టం లేదు. నాకు ఆ గడ్డి రుచి నచ్చలేదు.

మనసు బాగోలేనప్పుడు ఏ టీ తాగాలని కూడా అడుగుతుంటారు. బాబాయ్ దగ్గర దానికి పొట్లం లేదు. చిరాగ్గా వచ్చినవాళ్ళకి ఆయన ఆకు టీ కాచి ఇస్తారు, అది దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ నాలుగు నిమిషాలూ కూర్చోబెట్టి మాట్లాడతారు. నా మటుకు నాకు వాన పడుతుంటే అల్లం దంచి వేసిన చిక్కటి పాల టీ, జ్వరం వచ్చి తగ్గాక శొంఠి వేసిన నల్ల టీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేము పీహెచ్‌సీలోనే ఉండిపోయాం. కరెంటు లేదు, పాలు లేవు, చుట్టూ కొబ్బరిచెట్లు పడి దారులు మూసుకుపోయాయి. వాచ్‌మన్ ఎక్కడినుంచో టీపొడి, బెల్లం తెచ్చి నల్ల టీ కాచాడు. డ్రెస్సింగులకి వచ్చినవాళ్ళూ మేమూ కలిసి తాగాం. అప్పట్నుంచి నల్ల టీలో బెల్లం నాకు అలవాటైపోయింది. పాల టీలో బెల్లం వేసేవాళ్ళు స్టవ్ ఆపాక వెయ్యండి, మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్ళు బెల్లం మంచిదే కదా అని లాగించొద్దు. రక్తంలోకి వెళ్ళాక పంచదారైనా బెల్లమైనా పెంచేది చక్కెరే.

లూజు పొడి కదా, కల్తీ ఉంటుందేమోనని అడిగేవాళ్ళకి: ఫిల్టర్ పేపర్ మీద కొంచెం పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, కాసేపాగి పొడి దులిపేసి కుళాయి కింద కడగండి. వెలుతురుకి పెట్టి చూస్తే రంగు కలిపిన పొడికి మరకలు కనిపిస్తాయి. ఇనుప రజను కలిసిందేమో అయస్కాంతంతో చూడొచ్చు. ఈ కొట్టు పొడి రెండిట్లోనూ నిలిచింది. నేను పరీక్షించేది బాబాయ్ ఎదుటే, ఆయనేమీ అనుకోరు, అయస్కాంతం కూడా ఆయనదే.

కాగితం పొట్లం కడతారు, కాబట్టి మూత బిగుతుగా పట్టే డబ్బా వెంట తీసుకెళ్ళండి. కలగలుపు కావాలంటే పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య వెళ్ళండి, అప్పుడు పెద్దాయన ఉంటారు. భోజనానికి మూసేస్తారు, ఆదివారం పూర్తిగా సెలవు. బండి సందులోకి పట్టదు, మార్కెట్ దగ్గరే పెట్టి నడవాలి. ఆయన అడిగినా అడక్కపోయినా, తాగేవాళ్ళు వేసుకునే మాత్రల చీటీ చేతిలో ఉంచుకోండి.